నాకు తెలియకుండా నాకు పెళ్ళయింది

ఏం చెప్పమంటారు అక్కా నా గతి. నాకు రెండో పెళ్ళయిందని మా ఊళ్ళో కొబ్బరికాయలు దింపేవాళ్ళ దగ్గర్నించి బడి పంతులుగారి దాకా అందరికీ తెలిసిపోయింది. ఆఖర్న తెలిసింది నాకే. టీ పోసుకోండి, మొదట్నించీ చెబుతాను. నవ్వితే మాత్రం మధ్యలో ఆపేస్తాను.

నేను దుబాయ్ జుమేరాలో అరబ్బుల ఇంట్లో పనిచేస్తున్నానని మీకు తెలుసుగా. ఇంటావిణ్ణి మామా అని పిలుస్తాం. ఆవిడకి ఒక్కతే కూతురు, పేరు నూరా. ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది. వాళ్ళలో పెళ్ళి కుదిరిన పిల్ల గడప దాటదు, పెళ్ళిరోజు దాకా బయటివాళ్ళ కంట పడదు. ఆ పిల్ల గదిలో కూర్చుని ఒంటికి ఏవేవో పూసుకుంటోంది, నేను తిండి లోపలికి అందిస్తున్నాను. అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా గౌనుతో వచ్చింది.

బొంబాయి నుంచి చిలకపచ్చ పట్టు తెప్పించారు. మెడ దగ్గర్నించి పాదాల దాకా జరీ పని చేయించారు. కుట్టి ఇంటికి వచ్చాక చూస్తే మామా మొహం వాడిపోయింది. బీరువాలో ఉన్న నగలన్నీ తెచ్చి గౌను మీద పరిచింది. జరీ మీద బంగారం, మెరిసేదాని మీద మెరిసేది, ఎంత పెట్టినా కంటికి ఆనడం లేదు.

"చూడు సత్యా, ఇంత బంగారం పెట్టినా పిల్ల బోసిగా ఉంటుంది" అని మంచం మీద కూలబడింది.

నా నోరు ఊరుకుంటుందా? వచ్చీరాని హిందీలో అన్నాను కదా, "మంచం మీద పరిస్తే ఏం తెలుస్తుంది మామా, మనిషికి తొడిగి చూడాలి కానీ" అని.

పిల్లేమో బజారుకి రాకూడదు. బజార్లో ఉన్న నగలన్నీ ఇంటికి రావు. మామా కాసేపు ఆలోచించి నన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత భుజాలు పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పింది. నూరాదీ నాదీ ఒకటే ఎత్తు, ఒకటే ఒళ్ళు. ఆ పిల్లకి కొసరి కొసరి పెడితే వచ్చిన ఒళ్ళు, నాకు ఆ పిల్ల వదిలేసింది తింటే వచ్చింది.

మర్నాడు నాకు ఆ గౌను తొడిగి, పైన నల్ల అబాయా కప్పి, కార్లో దేరా బంగారం బజారుకి తీసుకెళ్ళింది.

షాపు సేఠు గుజరాతీ ముసలాయన, మామాకి ఏళ్ళ తరబడి తెలిసినవాడు. వెనక గదిలో కూర్చోబెట్టి, కర్టెన్ వేసి, నగల ట్రేలు ఒక్కొక్కటే లోపలికి తెప్పించాడు. మామా నా అబాయా తీయించి పని మొదలుపెట్టింది. తల మీద బోర్లించే బంగారు టోపీ లాంటిది ఒకటుంటుంది వాళ్ళకి, చుట్టూ గొలుసులు వేలాడుతుంటాయి. అది పెట్టింది. మెడ నుంచి బొడ్డు దాకా దిగే హారం వేసింది. వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చూసి, "లా, లా" అని, అంటే కాదు కాదని, తీసేసింది. ఇంకోటి వేసింది. అదీ తీసేసింది. నా మెడ పట్టేసింది, చెవులు సాగిపోయాయి, అయినా జరీలో పడి నగలు మాయమైపోతూనే ఉన్నాయి.

"ముత్యాలు వెయ్యండమ్మా, ఆకుపచ్చ మీద బాగా తేలతాయి" అన్నాడు సేఠు.

"ముత్యాలు మా తాతలు సముద్రంలో మునిగి తీసుకొచ్చి అమ్ముకున్నవి. నా కూతురికి బంగారమే కావాలి" అంది మామా.

ఇద్దరూ ఉసూరుమని కూర్చున్నారు. నాకేమో ఇంటికెళ్ళి వంట చెయ్యాలి. మళ్ళీ నా నోరే. "మా వైపు ఆకుపచ్చ చీరకి ఎర్ర రాళ్ళ నగలు పెడతారు మామా. నడుముకి వడ్డాణం పెడితే ఈ జరీ అంతా అక్కడికి ఆగుతుంది" అన్నాను. సేఠు లేచి లోపల్నించి ఒక వడ్డాణం తెచ్చాడు, మధ్యలో ఎర్ర రాళ్ళతో. అది బిగించేసరికి నిజంగానే గౌను గౌనులా, నగలు నగల్లా విడివిడిగా కనపడ్డాయి. దాని మీదకి ఎర్ర రాళ్ళ హారం, ఎర్ర రాళ్ళ జూకాలు. మామా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఖలాస్. ఇవే. ఇప్పుడు పెళ్ళికూతురిలా కూర్చో, చూస్తాను. తల వంచు. కాస్త నవ్వు. అంత నవ్వకు."

తల వంచుకుని, సిగ్గుపడుతూ కూర్చున్నాను. అదీ నా అవతారం. సరిగ్గా అప్పుడు కర్టెన్ తీసుకుని టీ ట్రేతో ఒకాయన లోపలికొచ్చాడు.

ఎవరనుకున్నారు? సూరిబాబు గారు. మా పక్క ఊరాయన. దుబాయ్‌లో ఎక్కడో టీ కొట్లో చేస్తున్నాడని విన్నాను కానీ ఎప్పుడూ ఎదురుపడలేదు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నువ్వు... మన రాంబాబు భార్యవి కదమ్మా?"

ఎన్నాళ్ళకి తెలుగు మాట వినపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "అవునండీ, సత్యవతిని. బాగున్నారా?" అన్నాను.

"ఏంటమ్మా ఇదంతా?"

"పెళ్ళండీ. వచ్చే శుక్రవారమే. పెళ్ళిబట్టల మీదకి నగలు చూస్తున్నాం."

ఆయన మామా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "రాంబాబుకి తెలుసా?" అన్నాడు.

"లేదండీ, ఇంకా రాయలేదు. పెళ్ళి హడావిడిలో తీరికేదీ?"

"నేను ఎల్లుండి ఊరెళ్తున్నాను" అన్నాడు.

"అయితే మీరే చెప్పండి. ఈవిడ నన్ను సొంత పిల్లలా చూసుకుంటోందని చెప్పండి. ఏం దిగులు పడొద్దని, పెళ్ళయ్యాక ఒకసారి వచ్చి కనపడి వెళ్తానని చెప్పండి."

అదే టైముకి మామా నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "మాషాఅల్లా" అని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆవిడ ముద్దు పెట్టింది నగలకి. సూరిబాబు గారు ట్రే అక్కడ పెట్టి, టీ డబ్బులు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. పాపం, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

పెళ్ళి జరిగింది. నూరా ఆ నగల్లో వెలిగిపోయింది. ఆడవాళ్ళందరూ వడ్డాణం ఎవరు ఎంచారని అడుగుతుంటే నేను వంటింట్లో పొంగిపోతున్నాను. ఇంతలో ఫోను. ఊర్నించి మా ఆయన. మా ఊళ్ళో కొబ్బరి కమిషన్ కొట్లో తప్ప ఫోను లేదు, అక్కడ కూర్చుని ట్రంకాల్ బుక్ చేశాడన్న మాట. ఎవరికి ఏమైందోనని పరిగెత్తుకెళ్ళాను.

"పెళ్ళయిపోయిందా?" అన్నాడు.

హమ్మయ్య, సూరిబాబు గారు చెప్పినట్టున్నాడు అనుకున్నాను. "ఇప్పుడే అయిందండీ. బ్రహ్మాండంగా జరిగింది" అన్నాను. ఇటు పక్క ఆడవాళ్ళ పాటలు, డప్పులు, ఏమీ వినపడ్డం లేదు.

తర్వాత మెల్లిగా, "మరి నా సంగతేంటి సత్యా?" అన్నాడు.

"మిమ్మల్ని మర్చిపోలేదండీ. ఇంటావిడ మీకు చొక్కా గుడ్డ ఇస్తానంది" అన్నాను.

"చొక్కా గుడ్డా?" అన్నాడు. లైను కట్టయిపోయింది.

గిన్నెలు తోముతున్నాను కానీ ఆ గొంతు చెవిలోంచి పోవడం లేదు. నూరా పెళ్ళి కోసం మా ఆయన ట్రంకాల్ ఎందుకు చేస్తాడు? తన సంగతేంటని ఎందుకడిగాడు? సూరిబాబు గారితో అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. పెళ్ళండీ అన్నానే కానీ ఎవరి పెళ్ళో చెప్పనే లేదు. అక్కడే గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. పెళ్ళివారు, పిల్ల అత్తారింటికి వెళ్తోందని ఏడుస్తున్నాననుకుని నన్ను ఓదార్చారు.

మర్నాడు సంగతి చెబితే మామా పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ నోటితోనే వచ్చింది ఇదంతా. నువ్వు మాట్లాడకు, నేను చెబుతాను" అని కమిషన్ కొట్టుకి ఫోను చేయించింది. మా ఆయన లేడు, హిందీ తెలిసిన గుమాస్తా ఎత్తాడు. మామాకి వచ్చిన హిందీ మనకి తెలిసిందేగా. "సత్యా బహుత్ అచ్ఛా. మేరా ఘర్ కా లడ్‌కీ. షాదీ ఖలాస్. థోడా దిన్ భేజేగా, ఫిర్ వాపస్" అంది. నాకివ్వమని చెయ్యి చాపాను, ఆవిడ పెట్టేసింది. "మాలూమ్ హోగయా" అంది ధీమాగా, వాళ్ళకి తెలిసిపోయిందని. ఉత్తరం కూడా రాయించి పంపాను. దానికన్నా నేనే ముందు చేరాను.

లీవు ఇచ్చారు. బొంబాయి, అక్కణ్ణించి రైలు, రాజమండ్రిలో బస్సు. బస్సు దిగేసరికి మునుపెన్నడూ పలకరించని వాళ్ళు పెట్టె అందుకున్నారు. ఇంటికెళితే మా అత్తగారు ఎదురొచ్చి, "రామ్మా, అలిసిపోయావు" అని కాళ్ళకి నీళ్ళిచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను 'అమ్మా' అన్నది లేదు. పీట వేసింది, కోడికూర వడ్డించింది, విసనకర్రతో విసిరింది. దుబాయ్ మర్యాద కాబోలనుకుని తిన్నాను. ఇరుగింటాయన వచ్చి, మా వాడికి వీసా కోసం షేకు గారితో ఒక మాట చెప్పమన్నాడు. ఏ షేకు గారండీ అన్నాను. మీ కొత్తాయనే అన్నాడు.

ముద్ద పక్కన పెట్టి, ఈ మాట ఎవరు చెప్పారని నిలదీశాను. మామా హిందీని గుమాస్తా తెలుగులో ఎలా చెప్పాడో అప్పుడు తెలిసింది. ఆమె మా ఇంటి పిల్ల అయిపోయింది, పెళ్ళి ముగిసింది, కొన్నాళ్ళు పంపిస్తాం, మళ్ళీ వెనక్కి పంపండి. ఇంతే. లేదు మొర్రో అంటే ఎవరూ నమ్మరు. సూరిబాబు గారిని పిలిపించాను. ఆయన తలొంచుకుని, "నీ నోటితో నువ్వే చెప్పావు కదమ్మా" అన్నాడు. ఆయన చెప్పిన ప్రతి మాటా నేనన్నదే. ఒక్కటీ కాదనడానికి లేదు.

మా ఆయన వాళ్ళక్క ఇంట్లో ఉంటున్నాడట. కబురు పెడితే సాయంత్రానికి వచ్చాడు. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. సగానికి సగం అయిపోయాడు మనిషి.

"బాగా చూసుకుంటున్నాడా?" అన్నాడు.

"దాసీదాన్నండీ నేను. గౌను కొలత ఆ పిల్లదీ నాదీ ఒకటని నాకు తొడిగి చూశారు. నగలు ఎంచగానే అక్కడే తీసేసుకున్నారు" అని రెండు చేతులూ చాపాను. గచ్చు కడిగే క్లోరాక్సుకి పగిలి, గోళ్ళు అరిగిపోయిన చేతులు. మా ఆయన వాటిని పట్టుకుని, తిప్పి తిప్పి చూశాడు.

"ఇవి పెళ్ళికూతురి చేతులు కావులే" అన్నాడు. తర్వాత లోపలికొచ్చి అన్నం పెట్టమన్నాడు.

మా అత్తగారు గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నది. "అయితే ఆ వడ్డాణం?" అంది.

"కొట్లోనే విప్పించేశారు అత్తయ్యా."

"హారమో?"

"అదీ అంతే."

ఆవిడ విసనకర్ర తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. తెల్లారేసరికి నా నెత్తి మీద అత్తగారి కేక వినపడింది, "ఏమే, పొద్దెక్కుతున్నా లేవవేం, వాకిలెవరు ఊడుస్తారు" అని. అప్పుడు నాకు అర్థమైంది అక్కా, షేకుతో నాకు విడాకులైపోయాయని.