గిరి గొంగడి

నాగరాణి చౌటుప్పల్‌లో ఒక మందుల పరిశోధనశాలలో టెక్నీషియన్. చిన్న అణువులను గొలుసుగా కలిపి కృత్రిమ పాలిమర్ తయారు చేయడం ఆమె పని. ఆ గొలుసు తనకున్న ధనావేశంతో డీఎన్ఏను పట్టి, ఉండలా చుట్టి, కణంలోపలికి మోసుకుపోతుంది.

ఆమె తమ్ముడు గిరికి పదిహేనేళ్లు. కండరాలు క్షీణించే జబ్బుతో పదకొండో ఏట నడక ఆగిపోయింది. అతనిలో చెడిన జన్యువు చాలా పొడవు. దాని బదులు మంచి జన్యువును కణాల్లోకి మోయడానికి వాడే వైరస్ గుల్లలో అది పూర్తిగా పట్టదు. పాలిమర్‌కు అంత ఇరుకు లేదు. ఆమె ఆ ఉద్యోగంలో చేరింది అందుకే.

దేవరకొండ దగ్గరి పల్లెలో తండ్రి బీరన్న గొర్రెలు కాస్తాడు, గొంగడి నేస్తాడు. కొడుకు మొదటిసారి ఒంటరిగా మందను తోలుకుపోయే రోజున అతనికి సొంత గొంగడి కప్పడం ఆ ఇంటి ఆచారం. గిరి కోసం వడికిన నల్ల ఉన్ని అటక మీదే ఉండిపోయింది.

నిరుడు చలికాలంలో, గాజు పళ్లెంలో పెంచిన ఎలుక కండర కణాలు సూక్ష్మదర్శిని కింద ఆకుపచ్చగా వెలిగాయి. పరీక్ష కోసం పంపిన జన్యువు లోపలికి చేరిందనడానికి అది గుర్తు. నాగరాణి ఆగలేక ఇంటికి ఫోన్ చేసింది.

"బాపూ, లోపలికి పోయింది! కణాలు వెలుగుతున్నయి."

"గట్లనా బిడ్డా! అంటె గిరిగాడు ఇగ నడుస్తడు!"

"జర ఆగు బాపూ, గివి ఎలుక కణాలు..."

అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

మరునాటికి ఆ కణాలు చచ్చిపోయాయి. బాగా మోసిన పాలిమరే వాటి పొరను చెడగొట్టింది. సెలవుకు ఆమె ఇంటికి వెళ్లేసరికి, చింతగింజల గంజి పట్టించిన పడుగు దారాల మీద, అటక నుంచి దించిన నల్ల ఉన్నితో సగం నేసిన గొంగడి ఉంది.

"కణాలు బతకలే బాపూ. తొందరపడి చెప్పిన."

బీరన్న చేయి ఆగింది. "మరి గిది ఇప్పెయ్యాల్నా?"

మంచం మీద నుంచి గిరి అన్నాడు: "ఏంది బాపూ, గొర్లెంబడి పోతెనే చలి పెడ్తదా? నెయ్యి. అక్క ఎలుకలకు గూడ ఒకటి నెయ్యి."

ముగ్గురూ నవ్వారు. బీరన్న తల ఎత్తకుండా నేత పూర్తి చేశాడు.

గిరి దాన్ని కప్పుకోలేదు. మడిచి తలకింద పెట్టుకుంటున్నాడు. ఆ ఉన్ని వాసనకు మంద పక్కనే ఉన్నట్టుంటుందట.

నాగరాణి ఇప్పుడు, డీఎన్ఏను దించాక కణంలోనే ముక్కలైపోయే గొలుసును తయారు చేస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా గిరి అడుగుతాడు.

"అక్కా, నీ ఎలుకలు బతికినయా?"

"బతుకుతున్నయిరా. వెలుగే తక్కువున్నది."

"సరే. వెలుగు పెరిగేదాంక గొంగడి మడిచే ఉంచుత."