రేకు ఉరుము

నా వృత్తి చప్పుళ్ళు చేయడం. మా మామగారు మొట్టమొదటిసారి అడిగినప్పుడు కూడా ఇదే చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "అది సరే బాబూ, పనేం చేస్తావు?" అన్నాడు.

నాటకాల కంపెనీలో ముప్పై ఎనిమిదేళ్ళు తెర పక్కన నిలబడ్డాను. రంగస్థలం మీదికి గుర్రం వస్తోందంటే నా చేతుల్లో కొబ్బరిచిప్పలు టకటకలాడేవి. వాన పడాలంటే జల్లెడలో ఎండు గింజలు పోసి అటూ ఇటూ ఒంపేవాణ్ణి. తలుపు కిర్రుమందంటే అది నా జేబులో ఉన్న తుప్పుపట్టిన బందు. ఇక ఉరుము. ఉరుమంటే నాకు ప్రాణం. నా నిలువెత్తు ఇనప రేకు ఒకటి, పైన రెండు చిల్లులు పెట్టి తాళ్ళతో వేలాడదీసి, కింది అంచు పట్టుకుని ఊపితే చివరి వరుసలో కూర్చున్న వాళ్ళు కూడా గొడుగుల కోసం తడుముకునేవాళ్ళు. ఇది నేను చెప్పుకునే మాట. వాళ్ళు తడుముకునేది చెప్పుల కోసం, ఇంటికి పోదామని, అంటుంది మా ఆవిడ.

చప్పట్లన్నీ రాజు వేషం వేసే ఆయనకి పడేవి. ఆయన్ని బయట కూడా అందరం రాజుగారనే పిలిచేవాళ్ళం. ఆయన ముందుకొచ్చి వంగినప్పుడల్లా తెర వెనక నేనూ వంగి దండం పెట్టేవాణ్ణి. ఎవరికీ కనపడనని తెలుసు, అయినా ఒక్క ఆట కూడా మానలేదు.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలకి భూమి కదిలింది. నలభై సెకన్లట. మా నాటకాల హాలు పైకప్పు వచ్చి కుర్చీల మీద కూర్చుంది. లోపల ఎవరూ లేరు. మా నాటకాలకి ఆట టైముకే జనం ఉండరు, పొద్దున ఎవరుంటారు? మా ఇంటి గోడ ఒకటి పక్కింటి వంటగదిలోకి ఒరిగిపోయింది. మేమిద్దరం బతికి బయటపడ్డాం. మా వీధిలో అందరికీ ఆ అదృష్టం లేదు. ఆ సంగతి రాయడం నా వల్ల కాదు, రాయను. నా సంగతైతే నిస్సిగ్గుగా చెబుతాను: హాలుకి పరిగెత్తి రేకు లాక్కొచ్చుకున్నాకే ఇంట్లోంచి మా ఆవిడ కుట్టుమిషను బయటికి తీశాను. ఆ మాట ఎత్తితే ఆవిడ ఇప్పటికీ ఒంటికాలి మీద లేస్తుంది.

తరవాత అందరం బడి మైదానంలో వేసిన గుడారాల్లోకి చేరాం. దుప్పట్లూ బకెట్లూ పంచేవాళ్ళు చాలామంది వచ్చారు. ఒక సంస్థ వాళ్ళ పద్ధతి మాత్రం వేరు. పని పోయిన కళాకారులకి రోజుకింత అని ఇచ్చి, గుడారాల్లో ఉన్న పిల్లల్ని ఆడించమనేవాళ్ళు. దాంతో మాకూ ఓ పని, పిల్లలకీ ఓ కాలక్షేపం. పేర్లు రాసుకోవడానికి మెడలో కార్డు వేసుకున్న ఒక మేడం బల్ల వేసుకుని కూర్చుంది.

"మీరేం చేస్తారండీ?"

"కళాకారుణ్ణి."

"అంటే, పాడతారా?"

"లేదండీ."

"ఏదైనా వాయిస్తారా?"

కాస్త ఆలోచించి, "రేకు," అన్నాను.

ఆవిడ తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ దించుకుని, 'వాద్యం' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఇన్నేళ్ళలో నన్ను కళాకారుడని కాయితం మీద ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడే. ఆ ఫారం పట్టుకెళ్ళి మా ఆవిడకి చూపించాను. "ఫారం నింపితే కళాకారులైపోయేటట్టయితే, నేను నిన్న దుప్పట్ల కోసం మూడు నింపాను," అని నా గాలి తీసేసింది.

పిల్లల గుడారం పెద్దది. కింద పట్టాలు పరిచారు. ఒక మూల బల్ల, ఆ బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని ఒక ఏడేళ్ళ పిల్ల. దాని సంగతి మేడం నన్ను పక్కకి పిలిచి చెప్పింది. భూకంపం రోజునుంచి ఆ పిల్ల నేల మీద కాలు పెట్టడం లేదు. దెబ్బేం లేదు, డాక్టరు చూశాడు. దింపబోతే కాళ్ళు పొట్టలోకి లాక్కుని గుక్కపట్టి ఏడుస్తుంది. వాళ్ళమ్మ ఎక్కడికైనా చంకనెత్తుకునే పోవాలి. ఆవిడకి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని. పిల్లని వదల్లేక, చంకన వేసుకుని ఉతకలేక నెలరోజులుగా పనికి పోవడం లేదు. వచ్చే సోమవారం దాకా చూస్తాం, ఆ తరవాత వేరే మనిషిని పెట్టుకుంటాం అని వాళ్ళు చెప్పేశారు. ఇంట్లో సంపాదించేది ఆవిడ ఒక్కతే.

"ఈ పిల్ల కిందికి దిగితే చాలండీ. మిగతా వాళ్ళు ఎలాగోలా ఆడుకుంటారు," అంది మేడం.

"నాకు వదిలేయండి," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలీదు. ఫారం మీద టిక్కు పడ్డాక మనిషి నోరు అదుపులో ఉండదు కాబోలు.

మొదటిరోజు గుర్రంతో మొదలుపెట్టాను. కొబ్బరిచిప్పలు మోగేసరికి పిల్లలు నవ్వారు. జల్లెడ ఒంపి వాన కురిపిస్తే ముందుకి జరిగి కూర్చున్నారు. చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి చప్పట్లు ఎదురుగా వచ్చి నా మొహాన పడ్డాయి. అదిగో, అక్కడే నా బుద్ధి గడ్డి తింది. నాటకంలో వాన తరవాత ఉరుము రావాలి. అది మా వరుస. నా చేతులు వాటంతటవే పోయి రేకు పట్టుకున్నాయి. నెలరోజుల కిందట నేల అడుగునుంచి అచ్చం ఇలాంటి చప్పుడే విన్న పిల్లలు వీళ్ళు అన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. తట్టకపోగా, ఇవాళ చెయ్యి భలే కుదిరిందే అనుకున్నాను.

రేకు ఆపి, వంగి దండం పెట్టి, తలెత్తి చూస్తే గుడారం ఖాళీ.

అరవైమంది పిల్లలు నాలుగు వైపులా గుడ్డ కిందనుంచి దూరి బయటపడ్డారు. మైదానమంతా ఏడుపులు. బకెట్లు పంచుతున్న రాజుగారు, యుద్ధాల్లో వెనుదిరగని మహానుభావుడు, నెత్తిన బకెట్ బోర్లించుకుని బడి గేటు దాకా పరిగెత్తాడట. ఒక తల్లి చెప్పు చేతబట్టుకుని నాకోసం వెతుకుతోంది. నేను రేకు వెనక దాక్కున్నాను.

గుడారంలో మిగిలింది ఆ బల్ల మీది పిల్ల ఒక్కతే. పారిపోవాలంటే కాలు కింద పెట్టాలి, అది తన వల్ల కాదు. రెండు చెవులూ మూసుకుని, కళ్ళు మాత్రం తెరిచి రేకు వంకే చూస్తోంది. దాన్ని చూసి సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు కూడా వచ్చింది.

"అది నువ్వే చేశావా?" అంది.

"నేనేనమ్మా. తప్పయిపోయింది."

"మరి ఆపిందెవరు?"

నాకర్థం కాలేదు.

"ఇందాక మోగింది. ఇప్పుడు మోగట్లేదు. ఎవరు ఆపారు?"

"అదీ నేనే."

"ఎలా?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. రేకు ఊపి వదిలేస్తే ఊరుకోదు, చాలాసేపు గొణుగుతూనే ఉంటుంది. రాజుగారు నోరు తెరిచేలోపు దాన్ని ఆపాలి. అరచెయ్యి రేకు మధ్యలో ఆనించి అలాగే ఉంచాలి. కొట్టకూడదు, కొడితే అదింకో చప్పుడు. లోపలి వణుకు చేతికి ఎక్కుతుంది, కాసేపుంటుంది, పోతుంది. ఊపడం ఎవడైనా ఊపుతాడు. నా పనితనమంతా ఆపడంలోనే ఉంది. అది బాగా చేస్తే చేసినట్టు ఎవరికీ తెలీదు, అందుకే నాకెప్పుడూ పేరు రాలేదు. ఆ పిల్లకి ఇదంతా చెప్పి, రేకుని వేలితో తట్టి, అరచెయ్యి ఆనించి చూపించాను. అది చెవుల మీదనుంచి చేతులు తీసింది.

ఆ మధ్యాహ్నం మేడం నన్ను పిలిచి, "రేపటినుంచి రావద్దండీ," అంది. గట్టిగా అరిచినా బాగుండేది, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. మా ఆవిడ మాత్రం, "ఒప్పుకుంటున్నాను. మీ కళ జనాన్ని కదిలించింది," అంది.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తల్లి, చంకన పిల్లతో, మా గుడారం ముందు ప్రత్యక్షమైంది. తిట్లు తినడానికి సిద్ధపడి తల దించుకున్నాను.

"పెద్దాయనా, నిన్నటినుంచి ఒకటే గోల. ఆ రేకుని తనే ఆపుతుందంట. ఏం చెప్పావు దీనికి?"

నా సామాన్ల పెట్టె బయటికి లాగి, పిల్లని దాని మీద కూర్చోబెట్టి, రేకు గుడారం కర్రకి కట్టాను. నేను మెల్లగా ఊపాను. అది కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపి ఆపింది. రెండోసారి ఒక కన్ను తెరిచింది. మధ్యాహ్నానికల్లా నా మీద పెత్తనం మొదలుపెట్టింది. "ఇంకా గట్టిగా ఊపు, తాతా. అన్నం తినలేదా?" అనేది. మూడోరోజుకి మిగతా పిల్లలు కూడా దూరం దూరంగా వచ్చి నిలబడ్డారు. నాలుగోరోజు రేకు ఆపడానికి వరుస కట్టారు. చెప్పు పట్టుకుని నన్ను వెతికిన ఆవిడ కూడా కొడుకుతో వరుసలో ఉంది. ఆ చెప్పు కాలికే ఉందో లేదో చూసుకున్నాకే నేను మాట్లాడాను.

ఇదంతా చూసి మేడం నన్ను మళ్ళీ గుడారంలోకి రానిచ్చింది, కానీ ఒక షరతు పెట్టింది. రేకు ముట్టుకునే ముందు "ఊపుతున్నాను!" అని నేను పెద్దగా కేక వేయాలి. ఉరుము ముందుగా చెప్పి రావడం ఏ నాటకంలోనైనా ఉందా? అయినా నోరు మూసుకుని ఒప్పుకున్నాను, అంటే నోరు తెరిచి కేక వేయడానికి ఒప్పుకున్నాను.

అన్నీ బాగానే ఉన్నాయి. పిల్ల మాత్రం కాలు దించలేదు. రేకు కాస్త దూరంగా కట్టి చూశాను. బల్ల మీద బోర్లా పడుకుని చెయ్యి చాపింది తప్ప దిగలేదు. ఇంకాస్త దూరం కడితే, "తాతా, నీకు కట్టడం రాదు," అని విసుక్కుంది. ఆదివారం సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి, "దిగుతుందంటావా?" అని అడిగింది. నాకు వదిలేయండి అన్న పెద్దమనిషిని, ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పను? రేకు తాడు ముడి విప్పి మళ్ళీ కట్టాను. ఆవిడ పిల్లని చంకన మార్చుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున ఆవిడ పిల్లని ఎప్పటిలాగే బల్ల మీద దింపి, "ఇక రాలేనని ఆసుపత్రిలో చెప్పేసి వస్తాను. అంతవరకూ చూస్తుండు, పెద్దాయనా," అని గుమ్మం వైపు నడిచింది. ఏం చేయాలో తోచక, నాకు చేతనైన ఒకే ఒక్క పని మొదలుపెట్టాను.

"ఊపుతున్నాను!" అని కేక వేశాను.

చెయ్యి ఇంకా రేకుని తాకలేదు. రేకు మోగింది.

నేనింకా ముట్టుకోలేదే అని ఒక్క క్షణం రేకు వంక అనుమానంగా చూశాను. అంతలో కింద నేల గుర్రుమంది, గుడారం కర్రలు ఊగాయి. మళ్ళీ వచ్చింది. నేను కాళ్ళకి బుద్ధి చెప్పాను. అరవైమంది పిల్లల్నీ, చిన్నా పెద్దా చూడకుండా దాటుకుని, నీళ్ళ బకెట్ తన్నేసి, గుమ్మం గుడ్డ సగం ఊడబీకి, అందరికన్నా ముందు బయటపడ్డాను. అక్కడ మైదానం మధ్యలో నిలబడి వెనక్కి తిరిగి చూస్తే, నా వెనక ఒక్క పిల్లా రాలేదు.

నేను కేక వేశాను కదా, అది నా ఉరుమే అనుకున్నారు. చక్కగా కూర్చుని ఎవరో ఒకరు ఆపుతారని ఎదురుచూస్తున్నారు.

ఊడిన గుడ్డ సందులోంచి నాకు అంతా కనపడుతోంది. బల్ల మీది పిల్ల నాకోసం అటూ ఇటూ చూసింది. నేను లేను. రేకు ఒంటరిగా మోగిపోతోంది. పిల్ల బల్ల మీదనుంచి జారి, నేల మీద నాలుగడుగులు వేసి, రేకు మధ్యలో అరచెయ్యి ఆనించింది. రేకు ఆగలేదు. పిల్ల మొహం చిట్లించి, ఒకసారి కిందికి చూసి, గొంతుక్కూర్చుని రెండు అరచేతులూ నేలకి ఆనించి అలాగే పట్టుకుంది. కొట్టలేదు. ఆనించి ఉంచింది.

అంతా కలిపి పది పన్నెండు సెకన్లు ఉంటుందేమో. నేల ఆగింది.

వాళ్ళమ్మ గుమ్మం దగ్గర చేత్తో నోరు నొక్కుకుని, పిల్ల కాళ్ళనే చూస్తోంది. ఎక్కడ భయపెడతానో అన్నట్టు, మామూలుగా, మెల్లగా అంది: "అమ్మలూ, నేను పనికి వెళ్ళొస్తానే."

"సరే," అంది పిల్ల, చేతుల దుమ్ము దులుపుకుంటూ. ఆ తరవాత గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది.

"ఆపేశాను, తాతా. ఇంక భయం లేదు, లోపలికి రా."

నేల మళ్ళీ ఊగుతుందేమోనని నేను కదల్లేదు. అక్కడే నేల మీద కూలబడి ఉన్నాను. పిల్ల కాసేపు చూసి, ఇక లాభం లేదనుకున్నట్టు, మైదానం మట్టిలో ఉత్తి కాళ్ళతో నడుచుకుంటూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని లేపింది.