కాలువ గట్టున పసుపు పూసిన రెక్క

విమానం దగ్గరికి బస్సులో వెళ్లడం నా ఉద్యోగంలో మామూలే. రెండు సీట్ల శిక్షణ విమానాల రేకులూ లోపలి ఎముకలూ చూసి, ఎగరొచ్చో లేదో చెప్పడం నా పని. ఆళ్లగడ్డ దగ్గర గాల్లో ఇంజను ఆగిపోతే, మా పైలట్ రఫీ సార్ విమానాన్ని ఒక శనగ చేనులో దించారు. ఆయనకు దెబ్బలేమీ తగల్లేదు. మెకానిక్కులు వెళ్లి ఇంజను బాగుచేశారు, కాలువ పక్క రోడ్డు మీంచి లేపడానికి అనుమతి వచ్చింది. ఇక నా సంతకమే మిగిలింది.

"చూసి, పెట్టేసి వచ్చెయ్," అన్నాడు మా మేనేజరు ఫోన్లో.

"చూశాక పెట్టాలో లేదో నేను చెప్తాను," అని కట్ చేశాను.

హైదరాబాదులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి నంద్యాల. బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి; ఆ దారిన వెళ్లేవాళ్లు తినకుండా కదలొద్దు. అక్కణ్ణుంచి ఆళ్లగడ్డకు బస్సులు వెంటవెంటనే ఉన్నాయి. దాదాపు గంట ప్రయాణం. ఒకవైపు నల్లమల నీలంగా సాగుతుంటే, రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలు. నేను ఫోన్లో విమానం పాత రిపోర్టులు చదువుకుంటున్నాను. పక్క సీటు పెద్దాయన కాలితో నా బ్యాగును కదిపి చూశాడు.

"ఏందమ్మా ఇంత బరువు? రాళ్లా?"

"పనిముట్లు. విమానం చూడ్డానికి పోతున్నా."

"చేన్లో పడిందే, అదేనా?"

"పడలేదు, దిగింది."

"మాకంతా ఒకటేలే తల్లీ. పైనుంచి కిందికే గదా వచ్చింది."

ఆళ్లగడ్డలో ఆటో ఎక్కాను. శిల్పాలు చెక్కే షెడ్ల ముందు నుంచి, ఇంకా ముఖాలు తేలని దేవుళ్లను దాటుకుని, ఎండ ముదరకముందే కాలువ గట్టు చేరాను.

విమానం తళతళలాడుతోంది. ముక్కుకు పసుపు, కుంకుమ బొట్లు, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. రెక్కల మొదళ్ల వెంబడి గడపకు పూసినట్టు పసుపు పట్టించారు. చేను ఓబులేసుది. ఆయన భార్య నాగమ్మ కుంకుడు నురగతో దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా కడిగి, పసుపు పూసిందట. తరువాతే ట్రాక్టరుకు తాడు కట్టి రోడ్డు మీదికి లాగారు.

నాకు ఒళ్లు మండింది. రేకులను పట్టి ఉంచేవి రివెట్లు. ఏదైనా వదులైతే అది రేకుతో రాసుకుని, చుట్టూ నల్లటి పొడి చారలా తేలుతుంది. ముందుగా మేం వెతికేది ఆ చారనే. ఉన్నా లేకపోయినా ఇప్పుడది కడిగిన నీళ్లతో కొట్టుకుపోయింది.

"ఎవరు కడగమన్నారు దీన్ని?" అని అరిచాను.

"దుమ్ము కొట్టుకోని ఉండె తల్లీ," అంది నాగమ్మ. "ఇంటికొచ్చిన బండిని అట్నే పెడతామా?" పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగి, "కడిగితేనే ఇంత కోపం. కడగకుంటే ఏమనేదో," అంది. వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

రఫీ సార్ కర్నూలు మనిషి. ఏళ్ల తరబడి పిల్లలకు ఎగరడం నేర్పింది ఈ విమానంలోనే. "సాయంత్రం పోలీసులు రోడ్డు ఆపుతారంట. బేగా కానీమ్మా," అన్నారు. తరువాత గొంతు తగ్గించారు. "ఇది లారీ ఎక్కిందంటే మళ్లా లేవదు. పాతదైంది, విడిభాగాల కింద అమ్మేస్తారు."

ఆ విమానంలో చక్రం కాలు నేరుగా రెక్కకే బిగించి ఉంటుంది. గట్టి పెళ్లల మీద దిగితే దెబ్బ రెక్కలోకి పోతుంది. ఫోన్ లైటు వేసి, అద్దం పెట్టి, గోటితో తడిమి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని చూశాను. ముడత లేదు, పగులు లేదు. ఎడమ రెక్క కింద మాత్రం ఒక రివెట్టు గోటికి కదిలినట్టనిపించింది. మళ్లీ నొక్కితే కదల్లేదు.

"ఎడమ రెక్క మీద అనుమానంగా ఉంది సార్."

"కనపడింది చెప్పు. అనుమానాలైతే నాకూ బోలెడుండాయి."

పైకి లేస్తుంటే రెక్క మొదట్లో పసుపు మీద చూపు ఆగింది. ముక్కు మీది పసుపు పలకలా ఎండి ఉంది. కుడి రెక్కదీ అంతే. ఎడమ రెక్క దగ్గర మాత్రం రివెట్ల వరుసలో బీటలు వారి, అక్కడక్కడా రాలిపోయింది. ట్రాక్టరు లాగినప్పటి కుదుపులకేనా? లేక పలుచగా పూశారా? రెండూ కావచ్చు. లేదా పసుపు కింద రివెట్లే కదులుతుండొచ్చు.

నాగమ్మ దగ్గరికి వెళ్లాను. ఇందాక అరిచిన నోటితో అడగడం కష్టంగానే ఉంది. "అమ్మా, రెండు రెక్కలకూ మళ్లీ పసుపు పూస్తావా? ఒకే మందంగా పూయాలి."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఇప్పుడు కడిగింది మంచిదాయనా?"

"కడిగింది మంచిది కాదు. పూసింది మంచిది."

"సరే, సగమన్నా మంచిదాయె," అంటూ గిన్నె తెచ్చింది.

పసుపు ఎండేలోగా ఓబులేసు ఇంట్లో రాగి సంగటి, పచ్చడి పెట్టారు. తిన్నామంటే తిన్నాం. మేనేజరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"పసుపు రాలిందని రిపోర్టు రాస్తావా?" అన్నాడు.

"లోపల చూసి రాస్తాను," అన్నాను. ఈసారి అరవలేదు.

ఎండాక కుడి రెక్క కొసను రఫీ సార్నే పట్టుకోమన్నాను. మెల్లగా ఎత్తి దించారు. పసుపు చెక్కుచెదరలేదు. ఎడమ వైపుకు నడిచి, అదే మాదిరి ఎత్తి దించారు. రివెట్ల చుట్టూ సన్నటి గీతలు వచ్చాయి. ఇంకోసారి దించేసరికి పొడిపొడిగా రాలి రోడ్డు మీద పడింది. ఆయన ఇంకా కదుపుతూనే ఉన్నారు, రాలడానికి ఏమీ మిగలకపోయినా. "చాల్లే అప్పా," అని ఓబులేసు ఆయన చెయ్యి పట్టుకునేదాకా ఆపలేదు.

ఎడమ రెక్క కింది మూత విప్పాను. రెక్క లోపలి ఎముక ఒకటి మూల దగ్గర చీలి ఉంది. రఫీ సార్ వంగి, వేలు పెట్టి చూసి, లేచి, దండ తీసి నాగమ్మ చేతికిచ్చారు. ఆఫీసుకు నేనే ఫోన్ చేసి లారీ పంపమన్నాను.

మర్నాడు రెక్కలు ఊడదీసి, గడ్డి పరిచి, లారీకి ఎక్కించాం. ఊరంతా వచ్చింది. సెల్ఫీలు మాత్రం ఎవరూ తీసుకోలేదు. లారీ మలుపు తిరిగేదాకా రఫీ సార్ గట్టు మీదే నిలబడ్డారు.

నంద్యాలలో ఇద్దరం హైదరాబాదు బస్సే ఎక్కాం. చాలాదూరం వెళ్లాక అడిగారు. "ఆ రెక్క ఎంతసేపు నిలబడేదంటావ్?"

"తెలీదు సార్. హైదరాబాదు దాకా నిలబడేదేమో. కాలువ దాటకముందే పోయేదేమో."

ఇది నిజం. మా పనిలో రుజువు ఎప్పుడూ దొరకదు. ఎగిరిన విమానం సంగతి అందరికీ తెలుస్తుంది. ఆపేసిన విమానం ఏమై ఉండేదో, ఆపినవాళ్లకు కూడా తెలియదు. ఈ ప్రయాణం నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే. అది తేలికైన బరువేం కాదు.

కర్నూలు బస్టాండులో ఆయన భార్య స్కూటరు మీద వచ్చి ఎదురుచూస్తోంది. రఫీ సార్ నడుం పట్టుకుని దిగారు. "ఈ సీట్లు ఎవడు చేసినాడో గానీ నడుం ఇరిగిపాయ," అన్నారు ఆమెతో. "ఇంగ జన్మలో బస్సెక్కను."

"విమానంలో వస్తానంటివి గదా," అందామె.

ఆయన మళ్లీ సీట్లనే తిట్టడం మొదలుపెట్టారు. బస్సు కదిలేదాకా కిటికీలోంచి వింటూ కూర్చున్నాను.