ఆగకముందే వచ్చిన కట్ట

1976 జూలైలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గోడ గడియారం చూసి నా చేత్తో రాసిన సమయం ఇది. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా జరిగింది జరిగింది.

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో, కంప్యూటర్ గదికి అటెండర్‌ను. నలభై రెండేళ్లకు ఫ్యాక్టరీ వాళ్ల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతవరకు ఎక్కడైనా వేలిముద్రే.

ఆ నెల కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం పాతది తీసేసి కొత్తది ఎక్కించారు. ఇక మాకు పీడ మొదలైంది. కంప్యూటర్ రోజుకు రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆగినప్పుడల్లా లోపల ఉన్నదంతా అంకెల్లో ప్రింటర్ మీద కక్కేది. డంపు అనేవాళ్లు. అది చదివి తప్పెక్కడో పట్టుకోవడం ఇంజనీరు సుబ్బారావు గారి పని. దాని మీద సమయం పడదు కనుక, ఆ కాగితాల కట్ట చింపి ఎర్ర పెన్సిల్‌తో టైము రాయడం నా పని. ఆయన ఒకనాడు కరెంటు బాగాలేదన్నారు, ఒకనాడు ఏసీ అన్నారు, ఇంకొకనాడు నా చీపురు దుమ్మన్నారు. విని విని విసుగొచ్చింది.

ఆ మంగళవారం 11:20కి ప్రింటర్ డంపు కక్కింది. తీరా చూస్తే కంప్యూటర్ ఆగలేదు. టేపులు తిరుగుతూనే ఉన్నాయి. ఆపరేటర్ ఖాజా నవ్వాడు.

"ఏందే నర్సింలన్నా, ఇది సావకముందే పంచనామా రాసుకుంటున్నది!"

నేను టైము రాసి అరలో పెట్టాను. 12:05కి నిజంగానే ఆగింది. రెండో కట్ట వచ్చింది.

సుబ్బారావు గారు రెండూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూశారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క అంకె తేడా లేదు. అంతేకాదు, మొదటి కట్టలో స్టోర్సు లెక్క కార్డుల అంకెలున్నాయి. ఆ కార్డులు అప్పటికి కంప్యూటర్‌లో వెయ్యనే లేదు.

"పన్నెండింటికి పది నిమిషాలున్నాయనగా తెచ్చిచ్చానండీ," అంది ఆ కార్డులకు చిల్లులు కొట్టి అంకెలు పంచ్ చేసిన విజయలక్ష్మి.

ఆయన నా వైపు తిరిగారు. "నర్సింలూ, కొత్తగా చదువొచ్చినవాడివి, టైము తప్పు రాశావు. ఆ మాటే రాయించాను, సంతకం పెట్టు. లేదంటే రేపటినుంచి ఈ గదిలోకి రానక్కర్లేదు."

నేను ఖాజా వైపు చూశాను. వాడు తల దించుకుని, "నాకు యాదికి లేదన్నా," అన్నాడు.

కాగితం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. "వేలిముద్ర ఏసిన దినాల్ల ఏం రాసిండ్రో తెల్వక ఏసిన సార్. ఇది సదివిన. అబద్ధం. పెట్ట," అన్నాను.

మర్నాడు నన్ను ఇనుము కరిగించే షాపుకు మార్చారు. నెల తిరక్కముందే పాత ప్రోగ్రాం మళ్లీ ఎక్కించారట, ఆగడం మానిందట. కొత్తదాంట్లో తప్పేమిటో పట్టుకున్నారో లేదో నాకెవరూ చెప్పలేదు. ఆగకముందే ఆ కట్ట ఎట్లా వచ్చిందో మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. టైము మాత్రం తప్పు రాయలేదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లం నలుగురం: ఇంజనీరు సుబ్బారావు గారు, పంచ్ ఆపరేటర్ విజయలక్ష్మి, చూసి కూడా యాదికి లేదన్న ఖాజా, సంతకం పెట్టని నర్సింలు.