చెప్పులు చేతపట్టుకొని వచ్చినవాడు

తెలంగాణ సాయుధ పోరాటం నాటి ఒక క్రిస్మస్ ఉదయం, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా ఊళ్లో, పూరిపాక చర్చి ముందు ఒక వెట్టి మనిషి నిలబడ్డాడు. దొర ఉండే గడీ ముందు నిలబడే అలవాటు కొద్దీ చెప్పులు చేతిలోనే పట్టుకున్నాడు. పోలీసు దెబ్బలకు ఓర్చుకోలేక, సంఘంలో చేరిన మా అన్న దాక్కున్న చోటు చెప్పింది అతడే. అన్న ఇంకా జైల్లోనే ఉన్నాడు.

"లోపలికి రా తమ్మీ," అన్నాడు పాస్టరయ్య.

"నన్నెవలు రానిస్తరయ్యా?" అంటూ అతడు లోపల కూర్చున్న మా అవ్వ వైపు, అన్నను కన్న తల్లి వైపు చూశాడు.

అవ్వ చాప మీద కొంచెం జరిగింది.

"చెప్పులు ఆడ పెట్టి కూసో. గిది గడీ కాదు," అంది.

అతణ్ణి ఆమె క్షమించిందో, దేవుడి ఇంట్లో కాదనలేకపోయిందో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు నేను మాత్రం క్రిస్మస్ పాట పాడలేకపోయాను.