మేం పెంచిన గడ్డి మీద ఇటలీ జట్టు

ఆదివారం పొద్దున పదింటికి దుబాయ్ పోయే బస్సు కోసం అల్ ఐన్ బస్ స్టేషనుకు చేరేసరికి మా అక్క హుసేనమ్మ అప్పటికే వరసలో నిలబడి ఉంది. డిసెంబరు నెల కాబట్టి ఎండ మరీ ఎక్కువగా లేదు గానీ, ఉన్ని మఫ్లరు చుట్టుకునేంత చలి కూడా లేదు. ఆమె మెడ చుట్టూ మాత్రం నీలం, తెలుపు చారల మఫ్లరు ఉంది.

"ఉక్కపోయడంలా అక్కా?" అన్నాను.

"పోస్తే పోయనీ. నోన్నా ఇచ్చింది. వేసుకోని ఫోటో తీసి పంపమనింది," అంది.

నోన్నా అంటే ఇటలీ వాళ్ల మాటలో అవ్వ. మా అక్క తొమ్మిదేళ్లుగా అల్ ఐన్‌లో ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో వంట చేస్తోంది. ఆ ఇంజనీరు తల్లి కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆ ముసలావిడకు తన ఊరి ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. శని, ఆదివారాల్లో టీవీ ముందు కూర్చుని, పక్కన మా అక్కను కూర్చోబెట్టుకుని, ఎవరు ఎవరో, ఎందుకు ఈల ఊదారో ఒక్కొక్కటీ చెప్పేది. అలా మా అక్కకు ఆటా వచ్చింది, భాషా వచ్చింది. రాయచోటి దగ్గర మా పల్లెలో అయిదో తరగతితో బడి మానేసిన మనిషి ఆమె.

ఆ చలికాలం ఖతార్‌లో ప్రపంచ కప్ జరుగుతోంది. దానికోసం ఇటలీ లీగును నడిమధ్యలో ఆపేశారు. ఆటగాళ్లు ఒళ్లు బిగుసుకుపోకుండా ఉండడానికి కొన్ని పెద్ద జట్లు దుబాయ్ వచ్చి సాధన చేసుకుంటూ, మధ్యమధ్యలో స్నేహపూర్వక మ్యాచులు ఆడుతున్నాయి. నోన్నా జట్టు కూడా వచ్చింది. ఆమెకేమో తుంటి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. తన బదులు చూసి రమ్మని మా అక్కకు టికెట్టు కొనిచ్చింది. నా టికెట్టు ముప్పై దిర్హాములు పెట్టి నేనే కొనుక్కున్నాను.

నేను పోతున్నది ఆట కోసం కాదు. ఆ మైదానంలో ఉన్న గడ్డిని పెంచింది నేను.

అల్ ఐన్ అవతల మా తోటలో ఖర్జూరాలు ఉండవు, కూరగాయలు ఉండవు. ఇసుక నేల మీద గడ్డి పెంచుతాం. పెరిగాక యంత్రంతో మట్టితో సహా కోసి, చాపల్లా చుట్టి లారీల్లో పంపుతాం. అక్టోబరులో ఆ మైదానం వాళ్లు గడ్డి కావాలన్నారు. మా ముదీర్, అంటే మేనేజరు, నాలుగో మడి పంపుదామన్నాడు. అది చిలకపచ్చ రంగులో కళ్లు చెదిరేలా ఉంది. నేను తొమ్మిదో మడి పంపుదామన్నాను. అది కొంచెం వెలిసినట్టు ఉంటుంది. ఎనిమిది నెలలుగా దానికి కావాలనే నీళ్లు తగ్గించి, తడి కోసం వేళ్లు కిందికి దిగేలా పెంచాను.

ముదీర్ ఒప్పుకోలేదు. రెండు మళ్లలోంచీ చెయ్యంత ముక్కలు కోసి ఆయన ముందు విదిలించాను. నాలుగో మడి ముక్క విడిపోయి ఇసుకంతా రాలిపోయింది. తొమ్మిదోది నా చేతిలోనే గట్టిగా నిలిచింది.

"రంగు రెండు వారాల్లో వస్తుంది సార్. వేరు రమ్మంటే రాదు," అన్నాను ఉర్దూలో.

ఆయన చాలాసేపు చూసి, "ఖలాస్. తొమ్మిదో మడే పంపు. కానీ చెడితే నీ పేరే చెప్తాను," అన్నాడు. ఆ గడ్డి నిలబడితే ఇంకో మూడు మైదానాల పని మాకే వస్తుంది. నిలబడకపోతే మా పద్దెనిమిది మందిలో సగం మందికి పని ఉండదు. నవంబరులో లారీలతో నేనే వెళ్లి, మూడు రోజులుండి పరిపించి వచ్చాను. మళ్లీ చూడలేదు.

పదిన్నరకు బస్సు కదిలింది. ఒక్కొక్కరికి పాతిక దిర్హాములు, కార్డు గీకితే చాలు. మా అక్క పక్కన ముమ్మిడివరం ఆవిడ ఒకామె కూర్చుంది. దుబాయ్‌లో చెల్లెల్ని చూడ్డానికి వెళ్తోందట. మఫ్లరు చూసి అడిగింది.

"ఫుట్‌బాలాండీ? నేను పనిచేసే అమ్మగారి పిల్లలూ చూస్తారండి. ఎవరు ఎటువైపు ఆడుతున్నారో నాకైతే తెలీదండి."

అంతే, మా అక్క మొదలుపెట్టింది. లీగులో ఇరవై జట్లుంటాయని, ఒక్కో జట్టూ మిగతా పందొమ్మిదింటితో తన ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడుతుందని, గెలిస్తే మూడు పాయింట్లని, ఆగస్టు నుంచి ఎండాకాలం దాకా సాగుతుందని చెప్పింది.

"ఈ తూరి మావోళ్లు బాగానే ఆడినారు. మొదటి రెండు ఆటలు పోగొట్టుకున్నారు గానీ, ఆ పైన లేచినారు. ఇప్పుడు ఆపకపోయుంటే బాగుండు," అంది.

'మావోళ్లు' అన్న మాటకు ముమ్మిడివరం ఆవిడ నవ్వింది. మా అక్క నవ్వలేదు.

దారి పొడవునా ఎర్ర ఇసుక దిబ్బలు, కంచెల వెనక ఒంటెలు. నాకు గంటసేపు కునుకు పట్టింది. పన్నెండూ నలభైకి దుబాయ్‌లో అల్ ఘుబైబా స్టేషన్ దగ్గర దిగాం. మెట్రోలో రెండు స్టేషన్లు పోయి, పది నిమిషాలు నడిస్తే కరామా. అక్కడ ఒక నెల్లూరాయన మెస్సు ఉంది. గోంగూర పప్పు, చేపల పులుసు, పెరుగుతో భోజనం పద్దెనిమిది దిర్హాములు. నాకు ముద్ద దిగడం లేదు.

"తిను. గడ్డికి నువ్వు తినకపోతే బలం వస్తాదా?" అంది అక్క.

"అది కాదు. ఎవరన్నా జారి పడితే?"

"పడతారు. ఆటలో పడకుండా ఎట్ల? అందరూ పడతారు."

ఆ మాట వినేసరికి నాకు ఇంకా భయమేసింది.

రెండుంపావుకి టాక్సీ ఎక్కాం. మైదానం ఊరి చివర ఉంది, నలభై రెండు దిర్హాములైంది. వెళ్లాలనుకునేవారు గంట ముందే చేరాలి, నీళ్ల సీసాలు గేటు దగ్గరే తీసేసుకుంటారు. గేటు దగ్గర కాపలా కాస్తున్నతను మా మాటలు విని తెలుగులో పలకరించాడు. జగిత్యాల వైపు మనిషి.

"ఎక్కడికెళ్లి వచ్చిండ్రు అన్నా?"

"అల్ ఐన్ నుంచి."

"గింత దూరం మ్యాచ్ కోసమా?"

"ఆ గడ్డి మేమే పెంచినాం," అన్నాను. నోరు జారినట్టు వచ్చేసింది ఆ మాట.

అతను ఒకసారి మైదానం వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "అయితే కింది వరసల కూసోండ్రి. మంచిగ కనబడ్తది," అని మమ్మల్ని తానే తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

అప్పుడు చూశాను. వెలిసిన రంగు ఎక్కడా లేదు. ముదురాకుపచ్చ చారలు, లేతాకుపచ్చ చారలు, అంచు నుంచి అంచుకి నిటారుగా. ఇరవై రోజుల పసిబిడ్డను ఊళ్లో వదిలి వచ్చి, నడిచే వయసులో చూసిన తండ్రిని నేను. అప్పుడు బిడ్డను చూసినట్టే ఇప్పుడు ఒక్కో చారనూ చూసుకున్నాను. మా అక్క నా చెయ్యి నొక్కి వదిలింది.

నాలుగింటికి ఆట మొదలైంది. అవతలి జట్టు కూడా యూరప్‌దే. చుట్టూ ఉన్నవాళ్లంతా బంతిని చూస్తున్నారు, నేను బూట్లను చూస్తున్నాను. ఒకడు పరుగెత్తుతూ ఠక్కున ఆగి మళ్లితే మడమ కింద ఏం లేస్తుందా అని చూపంతా అక్కడే. ఏమీ లేవలేదు. పావుగంటకు నా ఊపిరి కాస్త సర్దుకుంది.

ఇరవై ఆరో నిమిషంలో ఇటలీ జట్టు గోలు దగ్గర పొడుగాటి ఆటగాడొకడు రెండు కాళ్లూ చాచి జారాడు. బంతి బయటికి పోయింది. అతని వెనక గడ్డి చాప అంచు జానెడు మేర పైకి లేచి నిలబడింది.

జనమంతా చప్పట్లు కొడుతున్నారు. నాకు ఏమీ వినబడలేదు. గోలుకీపరు వచ్చి దాన్ని కాలితో రెండుసార్లు తొక్కాడు. రెఫరీ వంగి చూశాడు, తల ఊపాడు. ఆట సాగింది. మొదటి సగం ముగిసేలోపు అదే చోట నలుగురు పడ్డారు. విరామంలో పనివాళ్లు లేచిన గడ్డిని సర్దే ముళ్ల కర్రలతో వచ్చి మైదానమంతా తిరిగారు గానీ వంగింది మాత్రం ఆ ఒక్క చోటే.

"అక్కా, ముదీర్‌కు ఫోన్ పోతాది," అన్నాను.

"నోరు మూసుకోని చూడు రా. ఇంకా సగం ఆట ఉండాది," అంది.

రెండో సగంలో ఆ గోలు ముందు ఆట ఇంకా చిక్కబడింది. కార్నర్లు, తోపులాటలు, జారడాలు. ప్రతిసారీ నేను లేచి నిలబడేవాణ్ణి. వెనకాయన కూర్చోమని రెండుసార్లు కసిరాడు. గడ్డి మళ్లీ లేవలేదు. ఆఖరి ఈల ఊదేసరికి ఇటలీ జట్టు రెండు, అవతలివాళ్లు ఒకటి. మా అక్క మఫ్లరు రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. నేను ఫోటో తీశాను. వెలుగు తగ్గుతోంది గానీ ముఖం బాగా పడింది.

జనం వెళ్లిపోతున్నారు. తెల్లగడ్డం మనిషొకడు, జట్టు కోటు వేసుకుని, ఒక్కడే మైదానంలోకి వచ్చి ఆ గోలు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి చాకు తీసి చిన్న ముక్క కోసి, కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. జట్టుతో పాటు వచ్చిన గడ్డి మేస్త్రీ అని ఆ చూసే తీరులోనే తెలిసిపోయింది.

మా అక్క లేచి కంచె దగ్గరికి నడిచింది. కాపలా తమ్ముడు ఒక నిమిషం తటపటాయించాడు. "అయిదు నిమిషాలక్కా, గంతే. తర్వాత గేటు మూస్త," అన్నాడు.

అప్పుడు మా అక్క ఆ పెద్దాయనను ఇటలీ భాషలో పిలిచింది. ఆమెకు వచ్చని తెలుసు గానీ, పరాయివాళ్లతో మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. వంటింట్లో నేర్చిన నాలుగు మాటలు అనుకున్నాను. కాదు. ఆగకుండా, చేతులు తిప్పుతూ, మా ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడినంత నిబ్బరంగా మాట్లాడింది. ఆయన లేచి గడ్డి ముక్క చేతిలో పట్టుకునే మా దగ్గరికి వచ్చాడు. ఏదో అడిగాడు. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "మియో ఫ్రాటెల్లో," అంది.

"ఏమడిగినాడు?"

"ఈ గడ్డి పెంచిందెవరని. నా తమ్ముడని చెప్పినా."

ఆయన గడ్డి ముక్కను తిరగేసి నాకు చూపించాడు. తెల్లటి వేళ్లు చూపుడువేలంత పొడవున వేలాడుతున్నాయి. ఎన్ని రోజులకోసారి నీళ్లు పెట్టావని అడిగాడు. చెప్పాను. ఎండాకాలంలో కూడానా అన్నాడు. ఎండాకాలంలో పొద్దున, సాయంత్రం తాకి చూసి పెట్టేవాణ్ణని చెప్పాను. అక్క ప్రతి మాటా అటూ ఇటూ మోసింది. చివరికి ఆయన గోలు వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అన్నాడు.

"అక్కడ లేచింది గడ్డి తప్పు కాదంట. అతుకు సరిగా పడలేదంట," అంది అక్క.

ఊరుకుని ఉంటే సరిపోయేది. నాకు మనసొప్పలేదు. "అతుకు వేయించింది కూడా నేనే అని చెప్పు. ఆ రోజు ఎండెక్కిపోతాందని తొందరపడినాను," అన్నాను.

అక్క నన్నొకసారి చూసి, చెప్పేసింది. ఆయన పెద్దగా నవ్వాడు. కంచె తలుపు తీసి నన్ను లోపలికి రమ్మన్నాడు. గోలు దగ్గర ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. ఆయన చాకు ఇచ్చాడు. అతుకు విప్పి, కింద ఇసుక సర్ది, అంచులు బిగించి కూర్చోబెట్టాను. ఆయన బూటు మడమతో తన్ని చూశాడు. కదల్లేదు. నా చెయ్యి పట్టుకుని ఊపుతూ చాలాసేపు మాట్లాడాడు.

"నలభై ఏళ్లుగా ఇదే పనంట. ఇసుక దేశంలో ఇట్లాంటి వేరు చూస్తానని అనుకోలేదంట. నీ పేరు రాసిమ్మంటాండాడు," అంది అక్క. దస్తగిరి అని తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో రాశాను. ఆయన కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఏడున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. పక్క సీటు మలయాళీ కుర్రాడు మఫ్లరు చూసి మ్యాచ్ గురించి హిందీలో అడిగాడు. మా అక్క అతనికి మొత్తం ఆట చెప్పింది, గడ్డి గురించి కూడా చెప్పింది. అతను సీటు మీంచి వంగి, "ఎన్నో మ్యాచులు చూశాను భాయ్. కింద గడ్డి ఎవరు పెంచారని ఒక్కసారీ అనుకోలేదు," అన్నాడు. నేనూ అంతే. పదకొండేళ్లుగా లారీలు నింపి పంపుతున్నాను. ఆ మైదానం తప్ప, మిగతావన్నీ ఎక్కడికి పోయాయో ఎన్నడూ అడగలేదు.

తొమ్మిదిన్నరకు అల్ ఐన్‌లో దిగాం. అక్క టాక్సీ ఎక్కింది, నోన్నా నిద్రపోకుండా ఎదురుచూస్తోందట. మర్నాడు ముదీర్ నా వీపు మీద ఒక్కటి చరిచి, ఇంకో మూడు మైదానాల పని మాకే ఇస్తూ వచ్చిన కాగితం చూపించి పోయాడు. ఆ పొద్దున మూడో మడి కోశాం. లారీ కదిలే ముందు డ్రైవరును ఆపి, ఈ గడ్డి ఎక్కడికని అడిగాను. అబుదాబీలో ఆడపిల్లల బడికి అన్నాడు. బడి పేరు చెప్పించుకుని, జేబులో ఉన్న మ్యాచ్ టికెట్టు వెనక రాసుకున్నాను.