రాంగోపాల్‌పేట్ ఎర్ర గడియారానికి అయస్కాంతం చూపించిన రోజు

సూర్యుణ్ని చూడటానికి కార్ఖానాలోని మా ఇంటి నుంచి రాంగోపాల్‌పేట్ వెళ్లామంటే మీరు నవ్వుతారు. తప్పంతా మా అత్తమ్మ ఫోనుది. చైనాలో కృత్రిమ సూర్యుణ్ని నిమిషాల తరబడి నిలిపారన్న వీడియో చూసి, "అంత మంటను ఏ గిన్నెల పెడ్తరే?" అని అడిగింది. ఏ గిన్నే తట్టుకోదు, అంత వేడికి లోపలి హైడ్రోజన్ ప్లాస్మాగా, అంటే విద్యుదావేశమున్న వాయువుగా మారుతుంది, దాన్ని గోడలకు తగలకుండా అయస్కాంతాలే పట్టి ఉంచుతాయి అన్నాను. కాలేజీలో ఫిజిక్స్ చదివిన ధీమా నాది. ఆమె నమ్మితేగా! "అయస్కాంతం ఇనుమును పడ్తది. మంటనేం పడ్తది?"

అప్పుడు గుర్తొచ్చింది, రాంగోపాల్‌పేట్‌లోని మామయ్య గడియారాల దుకాణం. ఆయన పోయినప్పటి నుంచి మూసే ఉంది, సోమవారం కొత్తవాళ్లకు అప్పజెప్పాలి. లోపలి గోడకు గడియారంలా గుండ్రంగా వంచిన నియాన్ గొట్టం ఉంది. అందులో వెలిగేదీ ప్లాస్మానే. మామయ్య దగ్గరుండి చేయించిన ఆ ఎర్ర గడియారాన్ని ఎలాగైనా ఇంటికి తెచ్చుకోవాలని అత్తమ్మ ఆశ. సరే, ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయనుకున్నాం.

ఆదివారం పొద్దున్నే బయల్దేరితే ఆటోలో దుకాణం దగ్గర్లోని మోండా మార్కెట్‌కు పావుగంట కూడా పట్టదు. టిఫిన్ బండి దగ్గర వేడి గారె చేతికి రాగానే, ఆ కృత్రిమ సూర్యుణ్ని నిలిపే యంత్రం లోపల ఇలాగే గుండ్రంగా, మధ్యలో చిల్లుతో ఉంటుందని చూపించాను. అత్తమ్మ గారెను తిప్పి తిప్పి చూసింది. "మరి ఆ సూర్యుడు తప్పించుకుంటే? ఊరు ఊరే కాలిపోదా?" గారెలు వేస్తున్నామె జల్లిగరిటె ఆపేసింది. "ఏ ఊరమ్మా, మనదేనా?" కాదని, అలా జరిగితే అది పేలదు, చప్పున చల్లారిపోతుందని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ నమ్మలేదు.

అక్కడి నుంచి నడిచే వెళ్లాం. మామయ్యకు ఆ గడియారం బిగించిన ఎలక్ట్రీషియన్ యూసుఫ్ భాయ్ దుకాణం ముందే నిలబడి ఉన్నారు. "జెర దూరం ఉండుర్రి, దీంట్ల కరెంటు మస్తుగుంటది" అంటూ లోపలికి వెళ్లాక చీకటి కోసం షట్టర్ సగం దించి స్విచ్ వేశారు. రెండుసార్లు మినుకుమని, గుండ్రంగా, ఎర్రగా వెలిగింది! అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాత స్పీకర్ అయస్కాంతాన్ని వెదురు కర్రకు కట్టి తెచ్చాను. యూసుఫ్ భాయ్ దాన్ని గొట్టం దగ్గరికి జరిపారు. అక్కడ వెలుగు జడపాయల్లా రెండుగా చీలి పక్కలకు ఒదిగింది. కర్ర తీస్తే మళ్లీ కలిసిపోయింది.

"అరె, ముట్టకుండనే జరిపిండు!" అత్తమ్మ మళ్లీ మళ్లీ చేయించుకుంది.

తర్వాత స్విచ్ ఆపి, గొట్టాన్ని దించారు. తుప్పు పట్టిన క్లిప్పు దగ్గర టిక్కుమని చిన్న చప్పుడు. యూసుఫ్ భాయ్ ముఖం వాడిపోయింది. బల్ల మీద పెట్టి మళ్లీ స్విచ్ వేశారు. వెలగలేదు. "సన్నగ పలిగి గాలి దూరింది అమ్మా. మాఫ్ చెయ్యుర్రి."

అత్తమ్మ బల్ల మీదికి వంగి దాన్ని చూసి, "పేలలే, మండలే. ఊకెనే పోయింది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ సైంటిస్టులది పోతే?"

"మళ్ల ముట్టిస్తరు అత్తమ్మా. దినాం అదే పని."

"మంచిగ చేస్తున్నరు" అని, చల్లారిన గడియారాన్ని తువాలులో చుట్టుకుంది.

అలాంటి కృత్రిమ సూర్యుడి నుంచి పుట్టే ఫ్యూజన్ కరెంటు మన ఇళ్లకు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. సెకన్ల నుంచి నిమిషాలకు చేరిన ఆ మంట వెనుక ఎన్నిసార్లు చీకటి పడి ఉంటుందో మాత్రం ఆ బల్ల దగ్గర అర్థమైంది. మీకూ ఎక్కడైనా పాత నియాన్ గొట్టం కనిపిస్తే, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే వెలిగించండి, మీరు ముట్టుకోకండి. దించే ముందు మాత్రం, ఇంట్లోవాళ్లను తనివితీరా చూడనివ్వండి.